రెండో వరుసలో మూడోవాడు

బాబాయి ఫొటో అద్దం తుడవడానికి నేను పీట ఎక్కి ఉండగా ఆ ముసలాయన కొట్లోకి వచ్చాడు. మర్నాడే బోన్ పండగ మొదలు. పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజుల్లో వాళ్ల ఫొటో మీద దుమ్ము కనిపిస్తే మా హిసానో అత్త ఊరుకోదు. పొద్దుటి నుంచీ నా ప్రాణం తోడేస్తోంది.

"ఏం కావాలండీ?" అన్నాను, పీట దిగకుండానే.

మా కొట్టు సెందాయి ఊళ్లో, విశ్వవిద్యాలయం గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ముందు గదిలో కలాలు, కాగితాలు, నోటు పుస్తకాలు. వెనక గదిలో చాపలు, పోయిన పెద్దలకి దణ్ణం పెట్టుకునే మందసం, దాని పైన గోడకి బాబాయి ఫొటో. ఆగస్టు ఉక్కకి తట్టుకోలేక మధ్య తలుపులు ఊడదీసి పెట్టాం. అంచేత కొట్లో నిలబడ్డవాళ్లకి మా ఇల్లంతా కనిపిస్తుంది.

"కిటికీలో పెట్టిన ఆ హాస్టలు ఫొటో కార్డు ఒకసారి దగ్గరగా చూడొచ్చా అమ్మా?" అన్నాడాయన. దక్షిణాది యాస. బట్టతల, చేతిలో గడ్డి టోపీ, చెమటకి వీపుకి అతుక్కుపోయిన చొక్కా. అరవై ఏడో, ఎనిమిదో ఉంటాయి.

ఆ నెలలో ఇలాంటివాళ్లు చాలామంది వచ్చారు. విశ్వవిద్యాలయం వాళ్లు పాత చెక్క హాస్టలు పడగొట్టేస్తున్నారు. అక్కడ చదువుకున్న ముసలాళ్లంతా దాన్ని ఆఖరిసారి చూసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో దిగుతున్నారు. యుద్ధం ముదరక ముందు మా తాత ఆ ఆవరణ ఫొటోలు తీయించి, పిక్చర్ పోస్టుకార్డులుగా అచ్చువేయించి, ఎనిమిదేసి కార్డులు ఒక కాగితపు సంచీలో పెట్టి అమ్మేవాడు. గంట స్తంభం, గ్రంథాలయం, మంచులో చెట్ల బాట, చిరుగుల టోపీలు పెట్టుకుని ఎత్తు చెక్కచెప్పుల మీద టకటకలాడుతూ వీధికెక్కిన కుర్రాళ్లు, హాస్టలు పండగ. పిల్లలు వాటి మీదే ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారట. యుద్ధం ఆఖర్లో బాంబులు పడ్డ రాత్రి కొట్టూ ఇల్లూ సామానూ అన్నీ బూడిదైపోయాయి. పల్లెలో ఒక చుట్టం దగ్గర ఒక్క సంచీ మిగిలింది. ఆ ఎనిమిది కార్డులకీ నేను జూన్‌లో నకళ్లు వేయించి కిటికీలో పెట్టాను. వచ్చినవాడల్లా కొనుక్కుపోతున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోతున్న రోజులవి.

"తీసి చూడండి, అక్కడే ఉన్నాయి" అన్నాను.

ఆయన కార్డు తీశాడు గానీ చూడలేదు. నా చేతుల్లో ఉన్న ఫొటో వంక చూస్తున్నాడు.

"అమ్మా, ఆ ఫొటో ఒక్కసారి ఇటు తిప్పుతావా?"

తిప్పాను. ఆయన చేతిలోంచి టోపీ జారి కింద పడింది. తీసుకోలేదు.

"అది నేను" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పాపం, ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. "ఆయన మా బాబాయండీ. యుద్ధంలో పోయాడు. ఫిలిప్పీన్స్ దగ్గర ఓడ మునిగి నలభై నాలుగేళ్లయింది."

"నేను పోలేదమ్మా" అన్నాడాయన, ఏదో తప్పు చేసినవాడిలా.

కెన్‌సాకు బాబాయి గురించి చెప్పాలి. మా నాన్నకీ అత్తకీ తమ్ముడు. పసివాడుగా ఉండగానే తల్లి పోతే అత్తే ఎత్తుకుని పెంచింది. ఎదురుగా ఉన్న విశ్వవిద్యాలయంలోనే సీటు వచ్చింది. వీధి దాటితే ఇల్లున్నా, సరదా కోసం హాస్టల్లో చేరాడు. తర్వాత సైన్యంలోకి లాక్కుపోయారు. ఇంటికి వచ్చిన తెల్ల పెట్టెలో ఎముక ముక్క కూడా లేదు, పేరు రాసిన చెక్క పలక ఒకటి ఉందంతే. ఉన్న ఫొటోలు బాంబుల్లో కాలిపోయాయి. యుద్ధం అయిన మరుసటేడు చుట్టం దగ్గర దొరికిన కార్డుల్లో హాస్టలు పండగ ఫొటో ఉంది. హాస్టలు పిల్లలంతా నాలుగు వరుసల్లో నిలబడ్డ ఫొటో. తాత అందులోంచి కొడుకుని వెతికి పట్టుకున్నాడు. బటానీ గింజంత ముఖం. కుసాకా స్టూడియోలో దాన్ని పెద్దది చేయించి, మెడ కింద మా ఇంటి ముద్ర ఉన్న నల్ల కిమోనో గీయించాడు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అంతే. ముఖమేమో పోయినవాడిది, బట్టలేమో స్టూడియోవాడివి.

ఆ ముఖం ముందే నేను పెరిగాను. పొద్దున్నే పొయ్యి మీద నుంచి దించిన మొదటి అన్నం, మొదటి టీ ఆయనకే. పరీక్ష తప్పితే ముందు ఆయనకి చెప్పాను. పెళ్లి కుదిరినప్పుడూ, అది చెడి పెట్టె పట్టుకుని తిరిగొచ్చినప్పుడూ ఆయన ముందే కూలబడ్డాను. అమ్మానాన్నా పోయాక ఇంట్లో మిగిలింది మేం ముగ్గురమే, అత్త, నేను, ఆ ఫొటో. నా గడ్డం అచ్చం బాబాయి గడ్డమేనని చుట్టాలంతా అనేవారు. నేనూ అద్దంలో చూసుకుని, అవును సుమా అనుకునేదాన్ని.

అలాంటిది ఎవరో దారినపోయేవాడు వచ్చి 'అది నేను' అంటే ఒళ్లు మండదా?

"చూడండీ, రేపే పండగ. ఇలాంటి పరాచికాలు ఆడకూడదు" అన్నాను పీట దిగి, ఫొటోతోనే కొట్లోకి వస్తూ.

"పరాచికం కాదమ్మా. నా పేరు కాగియామా. ఇదిగో, రెండో వరుసలో మూడోవాణ్ణి చూడు. మెడకి కట్టుందా?"

తాత వాడిన భూతద్దం ఇంకా కొట్టు సొరుగులోనే ఉంది. పెట్టి చూశాను. రెండో వరుసలో మూడోవాడి మెడ మీద, ఎడమ చెవి కింద, తెల్లగా ఏదో ఉంది. ఇన్నేళ్లుగా అది చొక్కా కాలరు అనుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు, ముఖం చూసి వదిలేసేదాన్ని. పెద్దది చేయించిన ఫొటోలో ఆ చోట నల్ల కిమోనో మెడపట్టీ గీసి ఉంది.

"సెగ్గడ్డ లేచింది. ఈ చెవి కింద" అంటూ ఆయన పక్కకి తిరిగి కాలరు కిందికి లాగాడు. చర్మం ముడతల్లో పాత మచ్చ, గుండ్రంగా, లోపలికి నొక్కుకుపోయి ఉంది. "మెడ తిప్పితే ప్రాణం పోయేది. నవ్వి, తోసుకుని అందరూ కదిలిపోయారు. నేనొక్కణ్ణే కట్టెలా నిలబడ్డాను. అందుకే అందులో సరిగ్గా పడింది నేనొక్కణ్ణే."

ఫొటో చూశాను. ఆయన్ని చూశాను. మళ్లీ ఫొటో చూశాను. జుట్టు పోయింది, బుగ్గలు జారాయి, పళ్లు మారాయి. కానీ గడ్డం! నాది అని ఊరంతా చెప్పిన ఆ గడ్డం ఎదురుగా నిలబడి చెమట తుడుచుకుంటోంది. ఫొటోని గల్లాబల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను.

అప్పుడు గుర్తొచ్చింది అత్త.

ఆవిడకి డెబ్బై ఒకటి. తమ్ముడి కోసమే పెళ్లి మానేసింది. అన్నం గిన్నె ముందు పెట్టి గంట కొట్టి, ఆ ముఖంతో రెండు మాటలు మాట్లాడనిదే ఆవిడకి తెల్లవారదు. నలభై రెండేళ్లు. ఆ ముఖం తమ్ముడిది కాదని ఇప్పుడు చెబితే ఆ మనిషికి ఏం మిగులుతుంది? వెనక వంటింట్లో పచ్చి సోయాగింజలు దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. బాబాయికి ఇష్టమని ప్రతి పండక్కీ చేసే జుందా మోచీ కోసం, ఆ పచ్చటి పిండి పూసిన బియ్యపు ముద్దల కోసం.

"మెల్లగా మాట్లాడండి" అన్నాను. "మీకు దణ్ణం పెడతాను, వెళ్లిపోండి. మా అత్త చూస్తే గుండె ఆగి చస్తుంది. కార్డు ఉంచుకోండి. ఇంకెప్పుడూ ఈ వీధికి రాకండి."

ఆయన మంచివాడు. తలూపి, టోపీ తీసుకుని వంగి నమస్కారం పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మీ అత్తగారంటే... కెన్‌సాకు అక్కగారా? హిసానోగారు?"

"మీకెలా తెలుసు?"

"వాడూ నేనూ ఒకే గదిలో ఉన్నాం కదమ్మా. ఆవిడ పంపిన మోచీలు వాడు నాకు..."

దంచుతున్న చప్పుడు ఆగింది.

"ఎవరే నాత్సూ? ఎవరొచ్చారు?"

"ఎవరూ లేరత్తా! కార్డు కొనుక్కోవడానికొచ్చారు, వెళ్లిపోతున్నారు!"

అప్పటికే ఆలస్యం అయిపోయింది. అత్త రోకలి చేత్తో పట్టుకునే వెనక గదిలోకి వచ్చింది, చేతుల నిండా పచ్చటి పిండి. గోడ మీద ఖాళీగా ఉన్న చోటు చూసింది. గల్లాబల్ల మీద బోర్లా ఉన్న ఫొటో చూసింది. ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసింది.

రోకలి చాప మీద పడి దొర్లింది. అత్త నెమ్మదిగా మోకాళ్ల మీదికి జారిపోయింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. నన్ను పక్కకి నెట్టేసింది.

"మీరు బతికే ఉన్నారా?" అంది ఆయనతో.

ఎవరు మీరు అనలేదు. ఇదేంటి అనలేదు. మీరు బతికే ఉన్నారా అంది. ఆయన 'అది నేను' అన్నప్పుడు కూడా నాకు ఇంత దిగ్భ్రమ కలగలేదు.

"అత్తా... నీకు తెలుసా?"

"తెలుసే."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచీ" అంది. అని చాపకి నుదురు ఆనించింది. "క్షమించండి బాబూ. బతికున్న మనిషికి నలభై రెండేళ్లు అగరొత్తులు వెలిగించాను. మీకు అన్నం పెట్టి గంట కొట్టాను. నాకు తెలీదు. పోయారనే అనుకున్నాను. మీకేం కాలేదు కదా? ఏమైనా జబ్బులు, గండాలు..."

కాగియామాగారు చెప్పులు విప్పి లోపలికి వచ్చి ఆవిడ ముందు తనూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

"లేవండి అక్కగారూ. ఏమవుతుంది? ఓడ మునిగింది ఒకసారి, ఈదాను. క్షయ వచ్చింది, పోయింది. కడుపు కోసి సగం తీసేశారు, మిగతా సగంతో బానే తింటున్నాను. బొద్దింకవి నువ్వు అంటుంది మా ఆవిడ. ఎందుకు చావడం లేదా అని నాకే అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది."

"ప్రతి పండక్కీ జుందా మోచీ పెట్టాను మీకు" అంది అత్త తల ఎత్తకుండా.

"అయ్యో, అది మాత్రం నాకు అస్సలు పడదండీ. నా వాటా కూడా కెన్‌సాకే తినేసేవాడు."

అత్త నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుపో నవ్వో నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. చెప్పొద్దూ, ఒళ్లంతా మండిపోయింది.

"నాతో రోజూ దణ్ణం పెట్టించావే!" అని అరిచాను. "నా కష్టాలన్నీ ఎవరికి చెప్పుకున్నాను ఇన్నాళ్లూ? నా పెళ్లి సంగతంతా ఈయనకా చెప్పుకుని ఏడ్చింది? నా గడ్డం, నా గడ్డం అన్నారే అందరూ!"

"అందరికీ తెలుసు" అంది అత్త. "నీకు తప్ప."

అప్పుడు చెప్పింది. గోడకి చేరగిలబడి, చేతులకి అంటిన పిండి ఎండిపోతూ ఉంటే కడుక్కోవాలని కూడా తోచక, చెప్పింది.

"ఆ ఫొటోలో వాడు లేడే. ఎలా ఉంటాడు? తీసిందే వాడు. కుసాకాగారు తియ్యాలసలు. ఆయనకి ఆ రోజు పొద్దున్నే సైన్యంలో చేరమని ఎర్ర కాగితం వచ్చింది. మీ తాతేమో నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. మా వాడు గంతులేసుకుంటూ వచ్చాడు, 'అక్కా, కుసాకాగారి భార్యని అడిగి కెమెరా తెచ్చేసుకున్నా, నేనే తీస్తా, నాన్నకి చెప్పకు' అని. కెమెరా పిచ్చిలో పడి అంతకు ముందేడు పరీక్ష పోగొట్టుకున్నాడుగా. చదువయ్యేదాకా కెమెరా ముట్టుకుంటే ఇంటి గడప తొక్కనివ్వనని నాన్న తెగేసి చెప్పాడు. అంచేత నేను నోరు మూసుకున్నాను. నాన్న పోయేదాకా అది కుసాకాగారు తీసిందే అనుకున్నాడు."

"మరి బాబాయి అందులో ఉన్నాడని..."

"హాస్టలు పిల్లలంతా ఉన్నారని కార్డు మీదే రాసుందిగా. నాన్నకి అప్పటికి చూపు సగం పోయింది. భూతద్దం పట్టుకుని వారం రోజులు ఆ కార్డు కింద పెట్టలేదు. 'అందరి కొడుకులూ ఉన్నారే, నా కొడుకేడే? వాణ్ణి పెంచినదానివి నువ్వు, చూపించవే' అని నా చెయ్యి పట్టుకుని ఒకటే పోరు. లేడు నాన్నా అని ఎలా చెప్పను? వాడి చొక్కా గుండీ కూడా మిగల్లేదు ఇంట్లో. వేలు పెట్టేశాను. 'ఇడుగో నాన్నా, రెండో వరుసలో మూడోవాడు' అన్నాను. అందులో తేటగా ఉన్న ముఖం అదొక్కటే. నాన్న ఎంత ఏడ్చాడో! 'అవునే, వీడే, ఎంత చిక్కిపోయాడే' అన్నాడు."

కాగియామాగారు తల దించుకున్నాడు.

"స్టూడియోకి పట్టుకెళ్లాను. కుసాకాగారు యుద్ధం నుంచి తిరిగి రాలేదు, ఆవిడే నడుపుకునేది. ఆ రోజు కెమెరా ఎవరు పట్టుకెళ్లారో ఆవిడకి తెలీదా? కార్డు వంక చూసింది. నా వంక చూసింది. 'మీ ఇంటి ముద్ర ఏంటమ్మా?' అని మాత్రం అడిగింది. మీ నాన్న సైబీరియా చెర నుంచి వచ్చిన రోజు ఇలాగే ఫొటో ముందు నిలబడ్డాడు. తమ్ముణ్ణి ఎరగడా? నా వంక ఒక్క చూపు చూసి దణ్ణం పెట్టుకుని అన్నానికి కూర్చున్నాడు. మీ అమ్మా అంతే. చుట్టాలూ అంతే. నీకు గడ్డం పోలిక అంటగట్టింది కూడా నా కోసమే."

ఇంటిల్లిపాదీ కలిసి ఆడిన అబద్ధంలో నేనొక్కదాన్నే అది నిజమని నమ్ముతూ కూర్చున్నాను. తాత పోయాక దాన్ని ఎందుకు తీసెయ్యలేదని అడిగాను.

"తీసేద్దామనే అనుకున్నాను. ఎన్నిసార్లు పీట ఎక్కానో! ఎక్కినప్పుడల్లా ఒకటే అనిపించేది. ఆ హాస్టలు పిల్లల్లో ఎంతమంది తిరిగొచ్చారు గనక? ఈ అబ్బాయీ పోయే ఉంటాడు. ఎవరి బిడ్డో, అన్నం పెట్టేవాళ్లున్నారో లేరో. ఇద్దరికీ కలిపి ఒకే గిన్నె పెడదాంలే అనుకున్నాను. తర్వాత నువ్వు పెద్దదానివయ్యావు. దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టావు. నువ్వు నమ్ముతుంటే నాకూ నమ్మకం కుదిరేది."

వీధిలో మిణుగురు పురుగులు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయని రాయబోయాను, అవి కీచురాళ్లు. ఆ రోజు గురించి ఇప్పుడు రాస్తున్నా నా బుర్ర స్థిమితంగా లేదు.

ఆఖరికి కాగియామాగారే లేచి గల్లాబల్ల మీద నుంచి ఫొటో తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇది నాకిచ్చెయ్యండి అక్కగారూ. ఎలాగూ కొన్నాళ్లలో పనికొస్తుంది. మా ఇంట్లో నా ఫొటో ఒక్కటీ బాగుండదు, ఇందులో కుర్రాణ్ణి. ముద్ర మాత్రం మీ ఇంటిది. పోన్లెండి, పైన ఎవరైనా అడిగితే మీ ఇంటి చుట్టాన్నే అని చెబుతాను."

అత్త నవ్వలేదు. ఆయన ముఖాన్నే కన్నార్పకుండా చూస్తోంది.

"అబద్ధం ఆడినందుకు శిక్ష పడింది బాబూ నాకు" అంది. "మొదట్లో ఈ ఫొటో వెనక వాడి ముఖం కనపడేది. కళ్లు మూసుకుంటే చాలు, వచ్చేది. రాన్రానూ రావడం మానేసింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే మీరే వస్తారు. మూడేళ్ల పిల్లాడిగా నా వీపు మీద ఉన్నా మీ ముఖమే, స్టేషన్లో రైలెక్కినప్పుడూ మీ ముఖమే. నా చేతులతో పెంచినవాణ్ణి నేనే చెరిపేసుకున్నాను. మీరు వాడి గదిలో ఉన్నానన్నారు. వాడు ఎలా ఉండేవాడు? మీరైనా చెప్పండి."

ఆ మాటకి నా కోపం ఎటుపోయిందో! రోజూ ఆ ముఖంతో మాట్లాడుతుంటే తమ్ముడితో మాట్లాడుకుంటోందనుకున్నాను. ఆవిడ రోజూ తమ్ముణ్ణి కొంచెం కొంచెం పోగొట్టుకుంటోందని నాకేం తెలుసు?

కాగియామాగారు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా ఎదురు చూసింది.

"నాకూ రావడం లేదండీ" అన్నాడు చివరికి. ఆయన ముఖం పాలిపోయింది. "ఇదేంటి? రెండేళ్లు పక్కపక్కనే పడుకున్నాం. గొంతు గుర్తుంది. చెక్కచెప్పులు ఈడ్చే తీరు గుర్తుంది. ముఖం అనేసరికి... ఎప్పుడూ ఆ కెమెరా నల్లగుడ్డ కిందే ఉండేవాడు. ఆ గుడ్డే వస్తోంది. క్షమించండి అక్కగారూ."

అత్త మెల్లగా తలూపింది. "పోనీలెండి. టీ తాగి వెళ్లండి" అంది. అని లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

నేను టీ పెట్టడానికి లేచాను. కాగియామాగారు ఏం చెయ్యాలో తోచక, ఇందాకటి నకలు కార్డు చేతిలో తిప్పుతున్నాడు. తిప్పడం ఆపాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇదేంటమ్మా, కింద కోసేశారేం?"

"కింద మసిలాగా ఏదో నల్ల మరక ఉందండీ. అసహ్యంగా ఉందని ప్రెస్సువాళ్లని అది కత్తిరించేసి వెయ్యమన్నాను."

"మరక కాదమ్మా అది!"

ఆయన గొంతుకి కెటిలు నా చేతిలో ఒలికింది.

"అసలు కార్డు ఉందా? ఉందా లేదా?"

మందసం కింది సొరుగులో, పాత కాగితపు సంచీలో ఉంది. తీశాను. ఏడు కార్డులు చాప మీద జారిపోయాయి. హాస్టలు కార్డు తీసి అత్త ముందు పెట్టాను.

నాలుగు వరుసల పిల్లలు, వాళ్ల వెనక చెక్క హాస్టలు. వాళ్ల ముందు ఖాళీ నేల. ఆ నేల మీద, కార్డు కింది అంచు నుంచి పైకి, వాళ్ల కాళ్ల వైపు పాకుతున్న నలుపు. తాత కూడా దాన్ని చూసి, కుసాకాకి కళ్లు కనపడ్డం లేదా, ఈ మసేంటని తిట్టాడట. మా ఇంట్లో ఎవరూ ఆ కార్డులో ముఖాలు తప్ప ఇంకేం చూడలేదు. భూతద్దం ఎప్పుడూ పై సగంలోనే తిరిగింది.

"సాయంత్రం ఎండ వాడి వీపు వెనక నుంచి పడుతోంది" అన్నాడు కాగియామాగారు. "ఇవిగో, ఈ మూడు గీతలు కెమెరా కాళ్లు. ఈ పక్కన చూడండి. ఇది టోపీ. ఇది దుప్పటిలా కప్పుకునే అంగీ, గాలికి లేచింది. ఇదిగో, చెయ్యి."

చూశాను. ఒక్కసారి చూశాక ఇంక మరకలా చూడ్డం నా వల్ల కాలేదు. కెమెరా పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తి ఉన్నాడు. నేను జూన్‌లో ప్రెస్సువాడికి వేలు పెట్టి చూపించి కొయ్యించేసింది ఆ మనిషిని.

"'ఒరేయ్ కెన్‌సాకూ, నీ నీడ పడుతోందిరా, పక్కకి జరుగు' అని మేమంతా అరిచాం. నేనైతే మెడ తిప్పకుండానే తిట్టాను. వాడు జరగలేదు. 'పడనీండ్రా, నేను మాత్రం ఈ హాస్టలు వాణ్ణి కానా?' అన్నాడు. చెయ్యెత్తి ఊపాడు, రెండో చేత్తో నొక్కేశాడు. అందుకే అందరూ నవ్వుతున్నారు అందులో."

అత్త కార్డు తీసుకుంది. భూతద్దం ఇవ్వబోతే వద్దంది. చాలాసేపు చూసింది. ఎండిన పిండి అంటుకున్న చూపుడు వేలు కార్డు మీద రెండో వరుసని దాటి, మొదటి వరుసని దాటి, చెప్పులని దాటి కిందికి వచ్చింది. ఎత్తిన ఆ చేతి మీద ఆగింది.

"ఇడుగో నాన్నా" అంది.